ఐదో వరుస అక్షరాలు

నా పేరు కె. భద్రమ్మ. భర్త కీర్తిశేషులు రామదాసు. వయసు నలభై నాలుగు. ఎం.ఏ., బి.ఎడ్. చదివాను. బుక్కరాయసముద్రం హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. కాపురమూ ఆ ఊళ్ళోనే. 1984 జూలై 24, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు అనంతపురంలో మేజిస్ట్రేటు గారి ఎదుట ఇది చెబుతున్నాను. నన్నెవరూ పిలిపించలేదు. నేనే వచ్చాను. చెప్పినది నా మెడకూ చుట్టుకోవచ్చునని మేజిస్ట్రేటు గారు ముందే హెచ్చరించారు. అర్థమైందన్నాను.

లక్ష్మన్న మా పక్కింట్లో బాడుగకు ఉంటాడు. వయసు ఇరవై ఎనిమిది. భార్య నల్లమ్మ, ఐదు నెలల పాప. లారీల మీద క్లీనరుగా తిరిగి తిరిగి డ్రైవింగ్ లైసెన్సు సంపాదించాడు గానీ పని దొరకలేదు. వానలు లేనందున ఇద్దరూ కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టేవాళ్ళు. జూన్ ఆఖర్లో తాడిపత్రిలో ఒక బండల ఫ్యాక్టరీ వాళ్ళు అతన్ని లారీ డ్రైవరుగా తీసుకుంటామన్నారు. జూలై 9న కంటి పరీక్ష, 11న పనిలో చేరడం.

జూలై 5, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు కంకర కొడుతుంటే రాతి పెచ్చు ఎగిరి అతని ఎడమ కంటికి తగిలింది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఐదు దాటింది. నల్లమ్మ అతన్ని గడప దగ్గర పడుకోబెట్టి కంట్లో చనుబాలు పిండుతోంది. మా వైపు కంటికి దెబ్బ తగిలితే మొదట చేసేది అదే. పాప పక్కన చాప మీద ఏడుస్తోంది. పాలు అతని చెంప మీదుగా చెవిలోకి కారుతున్నాయి.

పెద్దాసుపత్రికి పొమ్మన్నాను.

"ఆసుపత్రికి పోతే చీటీ రాస్తారు టీచరమ్మా" అన్నాడు లక్ష్మన్న. "కన్ను చెడిపోయిందని చీటీలో రాస్తే ఇంగ లారీ యాడిది, నేను యాడ?"

నేను మళ్ళీ చెప్పాను. గట్టిగా చెప్పానా లేదా అన్నది ఈ నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పలేదు.

జూలై 7, శనివారం సాయంత్రం అతను మా ఇంటికి వచ్చాడు. వాపు తగ్గింది. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ ఉంది. పిల్లల కళ్ళు చూడటానికి మా స్కూల్లో ఒక అక్షరాల పటం ఉంది. "ఫ్యాక్టరీలో పేరు రాయించేదానికి పోయినప్పుడు చూసినా. ఆడ తగిలిచ్చిందీ మీ స్కూలు పటమే. ఒకసారి చూపిచ్చు టీచరమ్మా, ఎంత మాత్రం కనపడతాదో చూసుకుంటా" అన్నాడు. స్కూలు తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. పటం చుట్టి తెచ్చి గోడకు తగిలించాను. కుడి కన్ను మూసుకుంటే అతనికి పైనున్న పెద్ద అక్షరం ఒక్కటే మసకగా కనిపించింది. కింద ఏమీ లేదన్నాడు.

ఐదో వరుస చదవగలిగితే చాలునని ఫ్యాక్టరీ క్లీనరు ఒకడు అతనికి చెప్పాడట. ఐదో వరుస గ, ర, మ, ట, వ, ల. నేను చదివాను. అతను నా వెంట అన్నాడు. అది పరీక్ష కాకుండా పోయి ఎప్పుడు పాఠం అయిందో నాకు చెప్పడం చేతకావడం లేదు. ఆదివారం నల్లమ్మను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. గ, ర, మ, ట, వ, ల. గుక్క తిప్పుకోకుండా అంటుంటే, "అలా కాదు, చూసి చదివేవాడిలా ఒక్కొక్కటి ఆగి ఆగి చదువు" అన్నది నేనే.

"నాలుగో తరగతిలో మా అయ్యవారు ఇంత ఓపిగ్గా చెప్పింటే నేనూ కలెక్టరయ్యేవాణ్ణి" అన్నాడు. నల్లమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

సోమవారం పరీక్షలో నెగ్గాడు. రాత్రి అరటిపళ్ళు తెచ్చి ఇచ్చాడు. తీసుకున్నాను.

జూలై 20, శుక్రవారం సాయంత్రం ఐదూ నలభైకి నేను చెరువు పక్క రోడ్డు మీద ఇంటికి నడుస్తున్నాను. వెలుతురు బాగా ఉంది. నా ముందు ఓ ఇరవై గజాల దూరంలో మా ఊరి హనుమంతమ్మ నెత్తిన గడ్డిమోపుతో పోతోంది. అరవై ఏళ్ళ మనిషి. రోడ్డుకు ఎడమ అంచున, మట్టి మీద నడుస్తోంది. తాడిపత్రి వైపు నుంచి బండల లారీ వచ్చి నన్ను దాటింది. అది కొంచెం కొంచెంగా ఎడమకు జరిగింది. హారన్ లేదు. ఆమెను కొట్టిన తర్వాతనే బ్రేకు పడింది. ఆమె అక్కడే ప్రాణం విడిచింది. గడ్డిమోపు కట్టు విడిపోలేదు.

లక్ష్మన్న దిగి లారీ ముందు నుంచి తిరిగి వచ్చాడు.

"ఏం తగిలె టీచరమ్మా? ఈడ ఎవురూ లేకుండిరే" అన్నాడు.

ముసలామె ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డం వచ్చిందని అతను పోలీసులకు చెప్పాడు. అబద్ధం ఆడుతున్నాడని నేను అనుకోను. ఆమె అతనికి కనపడలేదు కనుక, అడ్డం వచ్చిందనే నమ్ముతున్నాడు. ఊరూ నమ్మింది. ఆమె రోడ్డుకు అడ్డం పోలేదు.

శనివారం ఆమె కొడుకు అంజినప్ప నా దగ్గరికి వచ్చాడు. "మాయమ్మ అడ్డం పాయనంట. చూసుకోక చచ్చెనంటాండారు. నువ్వు ఎనకాలే ఉంటివి కదా టీచరమ్మా. పోయిందా?"

సరిగా చూడలేదన్నాను. అతను నా కళ్ళద్దాల వైపు చూసి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక్కడికి వస్తున్నానని నిన్న సాయంత్రం నల్లమ్మకు చెప్పాను. చెప్పకుండా రావడం నా వల్ల కాలేదు. పాపను చంకన వేసుకుని నిలబడింది. "నేర్పిచ్చిందీ నువ్వే, పట్టిచ్చేదీ నువ్వేనా?" అంది. అవునన్నాను. తెల్లవారి నేను బస్సుకు బయలుదేరినప్పుడు వాళ్ళ తలుపు మూసి ఉంది.

గుమాస్తా గారు పై సంగతులు చదివి వినిపించారు. ఒకచోట "జాలిపడి నేర్పించాను" అని ఉంది. ఆ మాట నేను అనలేదు. జాలి ఉండిందో లేదో నాకు తెలియదు. అతను అక్షరాలు తప్పు లేకుండా ఒప్పజెప్పినప్పుడు నాకు సంతోషమైంది, అంతవరకు తెలుసు. ఆ మాట కొట్టివేయించి, "కన్ను కనపడదని తెలిసి నేర్పించాను" అని రాయించి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. తక్కినదంతా నేను చెప్పినట్టే ఉంది. నాకు తెలిసినంతలో ఇందులో అబద్ధం లేదు.

(సంతకం) కె. భద్రమ్మ