జేబుల్లో దొరికినవి

తూకం తక్కువగా పుట్టిన పాపను వేరే గదిలో గాజుపెట్టెలో ఉంచారు. ప్రసూతి వార్డులో మంచం మీద కూర్చున్న కోడలికి అత్తగారు జడ వేస్తోంది.

“కాన్పప్పుడు పడిన మాయను పరీక్షకు పంపారట అత్తయ్యా. అందులో కాడ్మియం ఉందట. సిగరెట్ పొగలో ఉండే లోహమట. కడుపులో బిడ్డను ఎదగనివ్వదట.”

“నువ్వేమన్నా కాల్చావా ఏమిటి?”

“వేళాకోళమా? మీ ఇంట్లో ఎవరు కాలుస్తారని డాక్టరమ్మ అడిగింది.”

“నీకు నెల తప్పగానే మావాడు మానేశాడుగా. జన్యువుల్ని బట్టి కూడా ఉంటుందని ఆవిడే అంది. మీ పుట్టింటి వైపు ఏముందో ఎవరు చూశారు?”

“కొందరి ఒంట్లో లోహం ఎక్కువ నిలుస్తుందంది. లోపలికి రానిదే నిలవదుగా? ఒకటడుగుతాను. దుప్పట్లు నాచేత ఉతికించి, ఆయన చొక్కాలు మాత్రం మీరెందుకు ఉతికేవారు?”

“కడుపుతో ఉన్నదానివని.”

“దుప్పట్లు తేలికా? జేబుల్లో ఏం దొరికేవి?”

అత్తగారి చేతులు ఆగాయి.

“సిగరెట్ పెట్టెలు. చూస్తే గొడవపడతావని, ఆ సమయంలో నీ మనసు కష్టపెట్టకూడదని పారేసేదాన్ని.”

“ఎక్కడ కాల్చేవారు?”

“పెరట్లోనే. ఇంట్లో కాదు తల్లీ.”

“వంటింటి కిటికీ కింద. నేను పొయ్యి దగ్గర నిలబడే చోటికి సరిగ్గా ఎదురుగా. పొగ వస్తోందంటే పక్కింటాయనదన్నారు మీరు.”

“ఆయనా కాలుస్తాడుగా.”

“మీ అబ్బాయి మానేదాకా పాపతో మా అమ్మ దగ్గరే ఉంటాను.”

“అంత మాటనకే. వాడిచేత నేను మాన్పిస్తాను. నేను చూసుకుంటాగా.”

“ఇన్నాళ్లూ చూసుకున్నది మీరేగా అత్తయ్యా.”