నాలుగో కుండీ

ఉడికిన ఆకు అరచేతిలో పెట్టి ‘ఇదేమాకో చెప్పండి’ అంటే ఎలా డాక్టరమ్మా? ఉడికాక ఆకుకి రూపం ఏముంటుంది, వాసన ఏముంటుంది? అసలే ఈ గదంతా మందుల కంపు. పైగా నాకు నాలుగు రోజులుగా జలుబు.

కాదనడం లేదు. ముప్పై రెండేళ్లు పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణే. ఎవరు చెప్పారు మీకు, మా మరదలా? చెప్పే ఉంటుంది. ‘మా బావగారు ఆకు చూస్తే చాలు, చెట్టు పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తారు’ అని కనిపించిన వాళ్లందరికీ చెప్పడం ఆవిడకి అలవాటు. ఆ తలుపు కాస్త దగ్గరగా వేస్తారా? ఆవిడ వింటుంది.

మీరు కాగితం మీద రోగి అని రాసుకున్న మనిషి నా తమ్ముడు. దర్జీ. మంచం మీద ఏం చేస్తున్నాడో చూశారా? దోమల్ని తోలుతున్నాడని మీ నర్సు అంటోంది. కాదు. గాలిలో సూదికి దారం ఎక్కిస్తున్నాడు. మధ్యమధ్య పళ్లతో దారం కొరుకుతున్నాడు కూడా.

ఏమిటి? వ్యవధి లేదు, తెలుసు. పురుగుమందు పడిన ఆకైతే ఒక సూది, ఆకే విషమైతే వేరే సూది, తారుమారైతే ప్రాణం మీదికి వస్తుందన్నారు. మూడుసార్లు అన్నారు. నేను చెవిటివాణ్ణి కాను.

పురుగుమందు కాదు. అది నా తోటలో అడుగుపెట్టలేదు. అంతవరకు రాసుకోండి.

నేను వాడికిచ్చింది దగ్గుకి, జలుబుకి అడ్డసరం కషాయం. పొద్దున్న డాబా మీదికి వెళ్లి నేనే ఆకులు కోశాను, నేనే కాచాను, నేనే గ్లాసు చేతికిచ్చాను. ‘ఈసారి రుచి వేరుగా ఉందేమిటన్నయ్యా’ అన్నాడు. ‘జలుబుకి నీ నాలుక చచ్చింది, మాట్లాడకుండా తాగు’ అన్నాను. తాగాడు. నా మాట ఎప్పుడు కాదన్నాడు గనక?

మా డాబా మీద గోడ నీడన మందు మొక్కలు, మెట్ల వైపు ఎండలో పూల మొక్కలు. రెండు వరుసలు. ఏ కుండీ ఎక్కడుండాలో అక్కడే ఉండాలి, అంగుళం జరిగినా ఒప్పుకోను. ‘మొక్కల్ని కూడా లేచి నిలబడమంటావా అన్నయ్యా? హాజరుపట్టీ ఒక్కటే తక్కువ’ అని వాడు వేళాకోళం చేస్తూ ఉంటాడు.

ఈ పొద్దున్న కూడా పొరపాటు జరగలేదు. తలుపు దగ్గర నుంచి నాలుగో కుండీ. తులసి, వాము, కలబంద, ఆ తరవాతది. వెడల్పాటి మెత్తటి ఆకు. తడిమి చూసుకునే కోశాను.

తడిమి అన్నానా? చూసి. చూసే కోశాను.

ఎందుకమ్మా రాయడం ఆపేశారు?

విన్నారా... ‘అన్నయ్యా, దారం అందుకో’ అంటున్నాడు. నన్నే.

తలుపు వేశారా? గట్టిగా వేయండి.

నాకు కనిపించదు డాక్టరమ్మా. రెండేళ్లయింది. అంచులు బాగానే ఉంటాయి, మధ్యలోనే మసక. అందుకే గోడలకి కొట్టుకోను, మెట్లు తప్పను, ఎవరికీ అనుమానం రాదు. మీ తెల్లకోటు తెలుస్తోంది. మీ ముఖం తెలియడం లేదు. చేతిలో ఉన్న ఈ ఆకూ తెలియడం లేదు. కుండీలు వరుస తప్పకూడదని నేను పట్టుబట్టేది క్రమశిక్షణ కోసం కాదు. లెక్కపెట్టుకుని బతుకుతున్నాను. అనుమానం వస్తే వాసన చూస్తాను. ఈ నాలుగు రోజులు అదీ లేదు.

నిన్న సాయంత్రం వాడు నా దగ్గరికి వచ్చి, ‘మధ్యాహ్నం డాబా మీద రెండు కుండీలు అటూ ఇటూ మార్చానన్నయ్యా, చూశావా?’ అన్నాడు. ఏ రెండని నేను అడగాలా వద్దా? అడిగితే చూడలేదని తెలిసిపోతుంది. అరగంట ముందే అక్కడ కూర్చుని వచ్చాను మరి.

‘చూశాను. బాగుంది’ అన్నాను.

సంతోషించాడు పాపం. నేను మెచ్చుకోవడం అరుదు.

మెట్ల దగ్గర అందానికని పెంచిన మొక్క ఒకటి ఉంది. పూసే కాలంలో తెల్లటి పూలు, గంటల్లా కిందికి వేలాడతాయి. ఎండకి తాళలేక తలలు వాల్చేస్తోందని వాడు వారం రోజులుగా బాధపడుతున్నాడు. నీడన చోటు ఇమ్మన్నాడు. నేను పట్టించుకోలేదు. మా డాబా మీద అడ్డసరంలా మెత్తటి వెడల్పు ఆకున్నది ఇంకొకటే, అదే. పొద్దున్న ఆ మెత్తదనం చేతికి తగలగానే, వాడు మార్చింది ఈ కుండీ కాదులే అనుకున్నాను. ఉమ్మెత్త జాతి. ఆకు, పువ్వు, వేరు, అంతా విషమే. పిల్లలకి పాఠంలో నేనే చెప్పాను.

ఉమ్మెత్త అని రాసుకోండి. చూసి చెప్పడం లేదని కూడా రాసుకోండి. మా మరదల్ని లోపలికి పిలవండి, నాలుగో కుండీలో ఇప్పుడేముందో ఆవిడే చెబుతుంది. ఆవిడ అడిగితే ఇదంతా నేనే చెబుతాను. మీరు వెళ్లండి, ఆ సూది సంగతి చూడండి.

వాడి చూపు కూడా మందగించిందమ్మా, వయసు వచ్చింది కదా. ఏడాదిగా సూదిలో దారం ఎక్కించి పెట్టమని నన్ను అడుగుతున్నాడు. ‘నీ పని నువ్వు చేసుకో’ అని కసిరాను, ప్రతిసారీ. అన్నయ్యకి గర్వం అనుకున్నాడు. అనుకోనీ అని ఊరుకున్నాను.