మెత్తని మాడు

2006. కర్నూలులో ఒక పిల్లల ఆసుపత్రి. నెలలు నిండని బిడ్డల గది బయట నర్సు ఏసుమణి, బేతంచెర్ల నుంచి వచ్చిన జేజి, బిడ్డ నాయనమ్మ సుంకులమ్మ.

"అదికాదమ్మా ఏసుమణీ, బిడ్డను ఎవురు కింద పడేసినారో చెప్పు. నేనేం రచ్చ చెయ్యను."

"ఎవురూ పడెయ్యలేదవ్వా. ఎన్నితూర్లు చెప్పాల?"

"పడెయ్యకుండా తలకాయలో రగతం యాడిది? నిప్పు లేందే పొగొస్తాదా?"

"ఏడో నెలలో పుట్టిన బిడ్డ. లోపల నరాలు శానా పల్చగుంటాయి, వాటంతటవే చిట్లుతాయి. నీ మనవరాలికి రవ్వంతే చిట్లింది. ఇంత చిన్నదైతే శానామందికి దానంతటదే కరిగిపోతాదని డాక్టరు సారు చెప్పలేదా?"

"చెప్తాడు. ఆసుపత్రి ఆయనదే గదా. మరి నెత్తిన జిగటగా ఏం పూసినారు?"

"స్కాన్‌కు పూసే జెల్లీ. మాడు ఇంకా మెత్తగుంటాది, ఎముక అడ్డముండదు. ఆడ మిషన్ ఆనించి లోపల చూస్తారు."

"లోపల ఏమేం కనపడతాయేమి?"

"అన్నీ కనపడతాయి."

"అన్నీనా?"

"రగతం పెరిగిందా, నీళ్లు చేరినాయా, అన్నీ. అందుకే రేపు ఇంకోతూరి తీస్తారు."

"రేపు వద్దు."

"వద్దంటే ఎట్లవ్వా? పెరిగింటే ఇప్పుడే తెలియాల."

"వద్దన్నానా. శేషన్నను సంతకం పెట్టనియ్యను. నా కొడుకు నా మాట దాటడు."

"బిడ్డకేమన్నా అయితే?"

"మొదటి స్కాన్ ఏ పొద్దు తీసినారు?"

"మంగళవారం."

"నన్ను లోపలికి పంపింది?"

"బుధవారం. చేతులు కడిగించి నేనే పంపినా. ఎందుకడుగుతాండావు?"

"మంగళవారమేనా? కాగితంలో చూసి చెప్పు."

"ఇదో, మంగళవారమే. అప్పటికే చిట్లిండాది."

"అయితే అది నాది కాదు."

"ఏది నీది కాదు? అవ్వా, ఎందుకేడుస్తాండావు?"

"బుధవారం నేను లోపలుండంగా పక్క బిడ్డ ఏడిస్తే నువ్వు అట్ల తిరిగినావు. మా ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా తల గుండ్రంగా రావాలని నేనే ఒత్తుతా. శేషన్నకూ ఒత్తినా. దీనిది మరీ పొడుగ్గా ఉండాదని..."

"గాజుపెట్టెలో చెయ్యి పెట్టినావా?"

"రెండుతూర్లే. మెత్తగానే. అప్పట్నుంచి నాకు కూడు దిగల్యా."

"అవ్వా, ఈ మాట సారుకు చెప్పాల. ఇప్పుడే."

"చెప్తువులే. ముందు నాకు చెప్పు తల్లీ. రేపటి బొమ్మలో నా వేళ్లు కనపడతాయా?"