బ్యోర్గ్ గారు అల్లిన జడ

హలో… ఆ హోకన్, నేనేనయ్యా, బళ్ళోంచి ఐలిఫ్‌ని. పడవ ఎక్కావా?… ఎక్కలేదా. సరే, ఫోన్లోనే ఏదో ఒకటి చెప్పు. బడి చూడ్డానికి కమిటీ వాళ్ళు దిగిపోయారు.

…ముప్పై రెండు కంప్యూటర్లూ ఆన్ చేశాం. ఒక్కదాంట్లో బొమ్మ రాలేదు. వాటికి సొంత బుర్ర లేదు, అన్నిటికీ ఈ సర్వరే దిక్కు అన్నావుగా? ఇదేమో ఆయాసపడుతోంది.

…చేశానయ్యా. చల్లబడుతుందని కిటికీలు తెరిచా. పిల్లలు కోట్లు, టోపీలతో కూర్చున్నారు. సర్వర్‌కి బరువవుతుందని వరసలో ఒక్కొక్కరే మీట నొక్కమన్నా. గంటైంది, ఇంకా మొదటి బల్ల దాటలేదు.

…వైర్లు గుచ్చే డబ్బానా? లైట్లన్నీ ఒక్కసారే టపటపా కొట్టుకుంటున్నాయి. చూడ్డానికి బాగానే ఉంది.

…ఎవరూ ముట్టుకోలేదు. శుక్రవారం దాకా… ఆగాగు. శనివారం డుగ్నాడ్ పెట్టుకున్నాం. ఊరంతా కూలి అడక్కుండా వచ్చి గోడలకి రంగేసి, ఈ అలమర సర్దారు… ఆ, వైర్లు కూడా. జడ అల్లేశారు.

…ఉంది. ఒక వైరుకి రెండు కొసలూ అదే డబ్బాలో గుచ్చారు… అంటే పంపింది పంపినట్టు వెనక్కొచ్చి, లోపలే గిరగిరా… శనివారం నుంచా? పాపం.

…పీకలేను… అబ్బే, చేతకాక కాదు. గుచ్చింది బ్యోర్గ్ గారు… ఆవిడే, కమిటీ పెద్ద. బడి ఉంచాలా, మూసేసి పిల్లల్ని రోజూ పడవలో అవతలి ఒడ్డుకి పంపాలా అని ఇవాళ రాసేది ఆవిడే.

…ముఖం మీద చెప్పనా? డుగ్నాడ్‌లో చేసిన పనికి వంక పెడతారటయ్యా? కంచె తలకిందులుగా పాతితేనే థాంక్స్ చెప్పి కాఫీ పోశాం. నువ్వీ ద్వీపంలో పుట్టినవాడివేనా? పైగా ఆవిడ మిగతావాళ్ళని పిలిచి మరీ చూపించింది, ఒక్క కన్నం ఖాళీగా లేదని.

…కొసలు అలాగే ఉంచి, మధ్యలో కత్తిరిస్తే?… ఆగుతుందా? కత్తెర ఉంది.

…చిక్కొచ్చింది. జడలో రెండు వైర్లు ఒకేలా బూడిద రంగువే. రెండోది ఈ ఫోన్‌ది. ఏది ఏదో తెలియట్లేదు… భయంగా ఉందయ్యా. ఈ పిల్లల అమ్మలకీ నేనే చదువు చెప్పా. ఈ బడి పోతే తట్టుకోలేను. కోస్తున్నా.

…హోకన్? వినబడుతున్నానా?… అమ్మయ్య. లైట్లు నెమ్మదించాయి. పిల్లలు అరుస్తున్నారు… వచ్చాయయ్యా, ముప్పై రెండూ వచ్చాయి.

…ఉండు, ఆవిడొస్తోంది… చెప్పండి బ్యోర్గ్ గారూ… అవునండీ, ఎంత వేగమో… మూయమని రాయరా? చాలా సంతోషమండీ… జడ వల్లే అంటారా? …ఆ, జడ వల్లేనండీ. అంతా మీ చలవే.

…విన్నావా హోకన్? బడి నిలబడింది. కాకపోతే ఆవిడ వచ్చే శనివారం నుంచి మిగతా బళ్ళకి కూడా వెళ్ళి అల్లుతుందట. నీ చేతికింద ఎన్ని బళ్ళు?… పదకొండా.

…హోకన్?

…హలో?