గాలంతా లోపలికే

తోటపల్లి గూడూరు దాటినాక సముద్రం వైపు, రొయ్యల గుంటల మధ్యలో మాల్యాద్రి ఇల్లు. ఆదివారం పొద్దున ఆయన కొడుకు ప్రసాద్ వసారాలో పాత చాప పరిచి, తన గేమింగ్ కంప్యూటర్‌ను దాని మీద పడుకోబెట్టినాడు. నెల్లూరులో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసే అక్క స్వర్ణ, వచ్చిందే తడవు పక్క రేకు విప్పి, లోపలికి ఒక్క చూపు చూసి, తలకాయ పక్కకు తిప్పేసుకునింది.

“ఛీ. ఇది కంప్యూటరా, కోళ్ల గంపా?”

“దుమ్మే గదక్కా. కొంచెం ఊదితే పోతుంది.”

“దుమ్మయితే ఊదితే పోతుంది. ఇది జిడ్డు. రొయ్యల మేత పొడి, ఉప్పు గాలి, అన్నీ కలిసి పిడక మాదిరి అంటుకోనుంది. స్క్రూలన్నీ తుప్పు. ఆ బ్రష్ ఇటియ్యి. దేవుడా, ఏం కంపురా ఇది.”

“అట్టా ముక్కు మూసుకుంటే పనెట్టా అవుతుంది? రేపు నాకు సెలక్షన్ ఉంది. చెన్నై టీము. వాళ్ల దగ్గర ఒక్క సీటే ఖాళీ. ఆట మధ్యలో ఇది ఆగిపోయిందంటే మళ్లీ నన్ను పిలవరు.”

“పిలవకపోతే కొంపేం మునగదు. ఇదేంది, ఈ ఫ్యాను సందులో నల్లగా?”

“ఏది?”

“ఉండు, పుల్లతో తీస్తా. తోక. బల్లిరా. ఫ్యానులో పడి తెగిపోయి, ఎండిపోయింది. సగం ఈడ ఉంది. మిగతా సగం యాడుందో నువ్వే వెతుక్కో. నేను చెయ్యి పెట్టను.”

“అది ఎప్పటిదోలే.”

“ఎప్పటిదోలే అంట. ఈ బొద్దింక గుడ్లు? అవీ ఎప్పటివోనా? దీన్ని ముట్టుకున్న చేత్తోనే అన్నం తింటావు గదరా నువ్వు. థూ.”

“తిట్టింది చాల్లే గానీ, వేడి ఎందుకెక్కుతా ఉందో చెప్పు. ఫ్యాన్లు చాల్లేదనుకుని ఇంకో రెండు తెచ్చి బిగించినా. అయినా చెయ్యి పెడితే కాలతా ఉంది.”

“ఎవురు బిగించింది ఇట్టా?”

“నేనే.”

“ముందరివి లోపలికి కొడతన్నాయి. సరే. వెనకదీ లోపలికే. పైనవీ లోపలికే. మరి గాలి బయటికి పొయ్యేది ఎట్రా?”

“బయటికెందుకు పోవాల? ఎంత గాలి లోపలికి కొడితే అంత మంచిది గదా. గుంటలో ఏరేటర్లు పెట్టేది అందుకే గదా, నీళ్లలోకి గాలి ఎక్కాలని.”

“అది గుంటరా సామీ. రొయ్యలు ఊపిరి పీల్చుకోవాల గనక నీళ్లలోకి గాలి కొడతాం. ఇది ఊపిరి పీల్చుకునేది కాదు. దీనికి వొళ్లు కాలతా ఉంది. ముందర్నించి చల్లగాలి రావాల, వెనకనించీ పైనించీ వేడిగాలి పోవాల. నువ్వు అన్ని పక్కలనించీ లోపలికే తోస్తే, ఆ వేడి పొయ్యేదానికి దోవ లేక మధ్యలోనే తిరగతా ఉంటుంది. కంప్యూటర్‌కు కూడా గుంట లెక్కే వేసినావే, నిన్నేమనాల.”

“సరే, తిప్పి బిగించు మరి.”

“తిప్పుతా. వైర్లన్నీ గాలికి అడ్డంగా కుప్ప పోసినావు, వాటిని వెనక పక్కకు లాగి కట్టాల. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు ఎండి పెచ్చులు లేస్తా ఉంది, గీకి కొత్తది పుయ్యాల. ఇన్నాళ్లు దీంట్లో ఎట్టా ఆడినావురా?”

“పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాను పెట్టుకునేవాణ్ణి. ఫుల్లులో పెడితే చల్లగానే ఉండేది. పోయిన నెల పెద్ద మ్యాచి ఆడినానే, తెల్లార్లూ ఒక్కసారి కూడా ఆగలా. అది చూసే గదా చెన్నై వాళ్లు పిలిచింది.”

“పోయిన నెలా? అంటే, గుంట కాడ షెడ్డులోనా?”

“ఆఁ. ఇంట్లో అమ్మ అరస్తా ఉందని నాయనే ఆడ పెట్టుకోమన్నాడు. ఆడుకుంటా ఉంటే గుంటకు కాపలా కూడా ఉన్నట్టుంటుందని.”

“ఏ పొద్దు ఆ మ్యాచి?”

“గుర్తులేదు.”

“అంత పెద్ద మ్యాచి, గుర్తులేదా?”

“ముందు ఆ పేస్టు పుయ్యక్కా. ఆరిపోతుంది.”

“ఇది ఆరేది కాదులే. రొయ్యలు తేలిన రాత్రేనా?”

“ఆ చుట్టుపక్కలే. ఏమో. ఎందుకిప్పుడది?”

“నిన్న గురవమ్మ మా షాపుకొచ్చింది.”

“వెంకయ్య పెళ్లామా? ఎందుకంట?”

“ఏడవడానికి. మన గుంటలు తవ్విన కాడ్నించి వెంకయ్యేగా కాపలా. ఆ రాత్రి ఏరేటర్లు ఆపేసి నిద్రపోయినాడని, రొయ్యలన్నీ ఊపిరాడక చచ్చినాయని, నాయన నలుగురి ముందర ఆయన చెంప పగలగొట్టి తరిమేసినాడు గదా. ఇప్పుడు ఎవరి గుంట కాడికి పొయ్యి పని అడిగినా, గుంటను చంపినోడివి మాకొద్దు పో అంటన్నారంట. కొడవలూరు పక్కకు పొయ్యి మడి పనులు చేసుకుందామన్నా, ఆ వయసులో ఎవురు పిలస్తారు? ఆయన మాత్రం ఒకటే మాట అంటన్నాడంట. నేను ఆపలేదు, నేను చూసుకుంటాలే పడుకో అని చిన్నబ్బయ్యే చెప్పినాడు, ఆ మాట మీద పడుకున్నా అని.”

“నువ్వేమన్నావు?”

“మా తమ్ముడు అట్టాంటోడు కాదు, నీ మొగుడు తాగి పడుకొనుంటాడు అని చెప్పి పంపించేసినా.”

“సరిగ్గానే చెప్పినావు.”

“టేబుల్ ఫ్యాను ఫుల్లులో తిరిగిందన్నావే.”

“అన్నా. అయితే?”

“ఏరేటర్లు తిరిగేటప్పుడు ఆ షెడ్డులో కరెంటు ఎంతొస్తుందో నాకు తెలీదా? డిగ్రీ పరీక్షలకు నేను చదువుకునింది ఆడే. బల్బు మిణుకుమిణుకుమనేది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు, అంత నిదానంగా తిరిగేది. ఆ కరెంటుకు నీ డబ్బా ఆన్ కూడా కాదు. తెల్లార్లూ ఆగకుండా ఎట్టా ఆడిందిరా?”

“ఆ పొద్దు కరెంటు బాగొచ్చింది.”

“ప్రసాదూ.”

“వచ్చిందక్కా. బాగానే వచ్చింది.”

“ఎందుకు బాగొచ్చింది?”

“నన్నడిగితే? కరెంటోళ్లను అడుగు.”

“నా మొహం చూసి చెప్పు.”

“ఒక్క ఆటకే అనుకున్నానక్కా. అయిపోగానే వేసేద్దామని ఏరేటర్ల మీట ఆపినా. గెలిచినాం. గెలిస్తే ఇంకో ఆట. అదీ గెలిచినాం. చెవులకు హెడ్‌ఫోన్లు, గుంటలో చప్పుడు లేదనే తెలీలా. మరిచిపోయినా.”

“మరిచిపోయినావా.”

“కావాలని చేసినానా?”

“ఆపి మరిచిపోయినావు, సరే. వెంకయ్యను కొడతా ఉంటే నువ్వూ అందరితో వచ్చి పక్కనే నిలబడుకోనుంటివి. నేను ఫోన్ చేస్తే, వాడట్టాంటోడే అక్కా అంటివి నాతో. అదీ మరుపేనా?”

“భయమేసింది.”

“లే ఈణ్ణించి. నా పక్కన కూర్చోబాక. ఇందాక దీంట్లో చెత్త చూసి డోకొచ్చింది నాకు. నిన్ను చూస్తంటే అది నయమనిపిస్తా ఉంది.”

“అక్కా, రేపొక్కరోజు ఆగు. సెలక్షన్ అయినాక నేనే చెప్తా.”

“రేపు చెప్పవు. ఎల్లుండీ చెప్పవు. సీటొస్తే చెన్నై పోతావు, రాకపోతే మూల కూర్చోని ఏడస్తావు. అంతే నీ బతుకు. ఇదిగో, నీ డబ్బా ఇట్నే ఉంటుంది. ఒక్క స్క్రూ కూడా బిగించను.”

“అట్టనబాక అక్కా. కాళ్లు పట్టుకుంటా.”

“పట్టుకోవాల్సింది నా కాళ్లు కాదు. నాయన భోజనానికొచ్చే వేళయింది. రానీ. నలుగుర్ని పిలిపించి, వాళ్ల ముందర నిజం చెప్పించి, వెంకయ్యను మళ్లీ పనిలో పెట్టించేదాకా నేను నెల్లూరుకు పోను.”

“నాయనకు చెప్పొద్దు.”

“ఎందుకు చెప్పకూడదు? కోపం మనిషే గానీ, అన్యాయం చేసే మనిషి కాదు మన నాయన. తెలిస్తే నిన్ను ఇంట్లోనించి గెంటి, తనే పొయ్యి వెంకయ్యను ఇంటికి పిలుచుకోనొస్తాడు.”

“చెప్పినా ఏం లాభం లేదక్కా.”

“ఎందుకు లేదురా?”

“ఆ తెల్లవారుజామున నాయనే ముందొచ్చినాడు షెడ్డు కాడికి. నా చెవుల్లోంచి హెడ్‌ఫోన్లు తీసింది ఆయనే. నువ్వు ఇంటికి పొయ్యి పడుకో, రాత్రంతా ఇంట్లోనే ఉన్నావు అన్నాడు. నన్ను పంపించేసి, వెంకయ్యను లేపకుండా, మీట వెయ్యకుండా, అన్నీ ఎట్టున్నవి అట్నే పెట్టి, పొయ్యి నలుగుర్ని పిలుచుకోనొచ్చినాడు.”