మాలకొండయ్య మెత్తటి తాపీ

మాలకొండయ్య పెళ్ళాం పేరమ్మ ఉందే, ఆ మడిసికి నోట్లో మాట ఆగేది కాదంట. కూర బాలేకపోతే బాలేదని వడ్డించినోళ్ళ మొహానే చెప్పేది, పెళ్ళికి పోతే పెళ్ళికొడుకు ముక్కు వంకరగా ఉందని పందిట్లోనే అనేసేది. అట్టాంటి ఆమె ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోరు మూసుకుంది. దాంతో కొంప మునిగింది. ఆ కథే చెప్తన్నా, మధ్యలో ఎవరూ లేవబాకండి. లేచి బయటికి పోయొచ్చినోళ్ళకి మళ్ళీ మొదట్నించీ చెప్పే ఓపిక నాకు లేదు.

మాలకొండయ్య తాపీమేస్త్రి. గోడ కట్టేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు, ఆయనది ఆఖరి పూత. సిమెంటు పూత ఆరినాక దాని మీద తెల్లగా, నున్నగా, పల్చటి పూత ఒకటి వేస్తారు చూడు, అది. ఆయన పూసిన గోడ మీద ఈగ వాలితే జారిపోయేదని చెప్పుకునేవాళ్ళంట. చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టినా ఆఖరి పూతకి మాలకొండయ్య రావాల్సిందే, ఖాళీ లేదంటే ఖాళీ అయ్యేదాకా ఆగేవాళ్ళు. పక్కన పేరమ్మ. ఆమె కలిపి అందిస్తే ఆయన పూసేవాడు. పిల్లాజెల్లా లేరు, ఇద్దరికీ ఆ గోడలే లోకం అనుకో. ఏమైందంటే, ఆయనకి కళ్ళు పోవడం మొదలైంది. ఒక్కసారిగా కాదు, పక్కలనించి చీకటి కమ్ముకుంటా వచ్చింది. గొట్టంలోనించి చూసినట్టు ఎదురుగా ఉన్నది కాస్త కనపడేది, అదీ మసక మసగ్గా. పెద్దాసుపత్రికి పోతే డాక్టరు చూసి, కంటి నరం దెబ్బతిందయ్యా, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది జాగ్రత్తగా వాడుకో అన్నాడంట. చూపుని జాగ్రత్తగా ఎట్టా వాడుకోవాలో మాత్రం చెప్పలా. ఇంటికొచ్చినాక ఆయన, 'పేరమ్మా, ఈ సంగతి ఊళ్ళో తెలిసిందంటే నన్ను గోడ దగ్గరికి రానియ్యరే. తాపీ పట్టని రోజు నేను ఉన్నా ఒకటే, పోయినా ఒకటే' అన్నాడు. ఎవరికీ చెప్పను పో, అని ఆమె ఆయన తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

అప్పట్నించీ ఆమె కళ్ళతో ఆయన పని చేసేవాడు. గోడ పూత బాగుందా లేదా అనేది ఎదురుగా నిలబడి చూస్తే తెలవదు. గోడ పక్కన నిలబడి, గోడ వెంబడే పోయేట్టు టార్చిలైటు వెయ్యాలి. అట్టా వేస్తే గుంట ఉన్నచోట నీడ పడతది, ఎత్తు ఉన్నచోట మెరుస్తది. పేరమ్మ లైటు పట్టుకుని, నీ మోచేతి కింద గుంటుంది ఇంకాస్త పెట్టు, ఆ పైన ఎత్తుగా ఉంది లాగు, అని చెప్తా ఉంటే ఆయన సరిచేసేవాడు. చూసినోళ్ళు ఇదేందిరా, ఈ ముసల్ది మొగుడికే పని నేర్పిస్తంది అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకునేది. అయితే ఇనప తాపీతో ఒక చిక్కుంది. తెల్ల పూత మీద ఇనుము ఒక పిసరు ఎక్కువ రుద్దిందా, నల్ల చారలు పడతాయి. చార కనపడంగానే చెయ్యి తేల్చాలి. ఆయనకేమో కనపడదు, ఈమె చెప్పేలోపల పూత బిగుసుకుపోద్ది. ఒక ఇంట్లో చారలు పడ్డాయి, ఇంకో ఇంట్లోనూ పడ్డాయి. మాలకొండయ్య చేతిలో పనితనం పోయిందిరా అని మాట పుట్టింది. మాట పుడితే ఆగుద్దా? పిలిచేవాళ్ళు తగ్గారు, తగ్గి తగ్గి అసలు లేకుండా పోయారు. ఆయన అరుగు మీద కూచుని ఖాళీ చేతిని గాల్లో అటూ ఇటూ తిప్పుకునేవాడంట, గోడకి పూస్తన్నట్టు. అది చూడలేక పేరమ్మ లోపలికి పోయి ఏడ్చేది.

అట్టా ఉండంగా తిరుపాలు అని, పొగాకు వేసే రైతు, కొత్తిల్లు కట్టుకుంటా పాత అభిమానం కొద్దీ కబురు పెట్టాడు. మేస్త్రీ, నల్ల చారలు పడకుండా చేస్తానంటే హాలు గోడ నీదే అన్నాడంట. చేస్తానయ్యా అన్నాడు ఈయన, ఎట్టా చేస్తాడో తెలియకుండానే. మర్నాడు ఇద్దరూ టౌనుకి పోయి సిమెంటు కొట్టులో అడిగితే, కొట్టాయన ప్లాస్టిక్ తాపీలు తీసి బల్ల మీద పరిచాడు. ఒసే, నవ్వబాకే, ఉన్నాయి, తాపీలే, ప్లాస్టిక్‌వి. ఇనుము కాదు గనక చార పడదు. అందులో మళ్ళీ రకాలు, దళసరివి ఉన్నాయి, పల్చటివి ఉన్నాయి. మాలకొండయ్య ఒక్కోదాన్నీ తీసి, వేళ్ళతో వంచి, వదిలి, అంచుని చెంపకి రాసుకుని చూశాడంట. దళసరిది ఒక పట్టాన వంగదు. కొట్టాయన ఏమన్నాడంటే, 'ముందు దీంతో లాగితే గోడ చదునవుద్ది మేస్త్రీ. పల్చటిది ఆఖర్న నునుపు కోసం. రెండూ తీసుకో' అన్నాడు. మంచి మాటే చెప్పాడు, పాపం. ఈయన దళసరిదాని మూలని అరచేతిలో నొక్కుకుని చూశాడు. గుచ్చుకుంది. మూల గుచ్చుకుంటే పూత మీద గీత పడతది, గీత పడితే చూసి సరిచెయ్యాలి. చూసేది ఎట్టా? అదే పల్చటిదైతే తమలపాకులా వంగతంది, గోడ ఎట్టా ఉంటే అట్టా పోతది, కళ్ళు మూసుకుని రాసుకోవచ్చు. 'నాకు ఇదొక్కటి చాలు' అన్నాడు. రెండోది కూడా తీసుకుందాం అని పేరమ్మ అనబోతే, 'చెయ్యి నాదా, నీదా?' అని కసిరాడు. కొట్టాయన ముందర మొగుణ్ణి ఏమంటది, ఆ ఒక్కదానికే డబ్బులు కట్టింది.

తిరుపాలు ఇంట్లో అప్పటికి కరెంటు రాలా. హాలు గోడకి ఎదురుగా పెద్ద కిటికీ, దాంట్లోంచి వచ్చే వెలుతుర్లో పని మొదలుపెట్టారు. ఆ మెత్తటి తాపీ ఆ గోడ మీద ఎట్టా పోయిందంటావు, ఎక్కడా అడ్డం లేకుండా జారిపోయింది. చార లేదు, గీత లేదు. మాలకొండయ్య మధ్య మధ్యలో అరచేత్తో తడిమి చూసుకుంటన్నాడు, ఎక్కడ తడిమినా నునుపే. పైనించి కిందిదాకా అయిపోయేసరికి ఆయన గొంతులోంచి కూనిరాగం వచ్చింది. 'పేరమ్మా, నా చెయ్యి నాకు తిరిగొచ్చిందే' అన్నాడంట. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలోనే టార్చి తీసి పక్కనించి వేసింది. వేస్తే ఏముందీ, గోడంతా అలలు. ఆ తాపీ గుంట వచ్చినచోట గుంటలోకి వంగింది, ఎత్తు వచ్చినచోట ఎత్తెక్కింది, అంతే గానీ గోడని చదును చెయ్యలా. చేతికి నున్నగా ఉంది, కంటికి దున్నిన చేనులాగా ఉంది. పేరమ్మ నోరు తెరిచింది. 'ఎట్టుందే?' అని ఆయన మొహం ఇటు తిప్పాడు. ఆ మొహం నవ్వతంది. ఆసుపత్రికి పోయొచ్చినాక ఆ మొహాన నవ్వు చూసి ఎరగదామె. ఏం చేస్తది చెప్పు? తెరిచిన నోరు మూసేసింది, లైటు ఆపేసింది. 'ఎక్కడా గుంట లేదు, నీకింక నేను చెప్పేదేముంది' అంది. అప్పుడే చెప్పి ఉంటే పూత పచ్చిగానే ఉంది, తీసి మళ్ళీ పూసుకునేవాళ్ళు. రేపు చెప్తాలే అనుకుంది. తెల్లారేసరికి పూత ఆరిపోయి రాయైంది. చారలు లేవని తిరుపాలు మిగతా గోడలు కూడా ఆయనకే ఇచ్చాడు, వాటికీ అదే తాపీ, అదే పాట. రోజూ పొద్దున్నే చెప్పాలనుకుని పోవడం, ఆయన హుషారు చూసి నోరు రాక తిరిగి రావడం.

ఇల్లు పూర్తయితే గృహప్రవేశం నాడు మేస్త్రికి కొత్త గుడ్డలు పెడతారు గదా. తిరుపాలు మర్యాద తెలిసినోడు, ఇద్దర్నీ పిలిచి హాల్లో చాప మీద కూచోబెట్టాడు. చుట్టాలు నిండిపోయి ఉన్నారు. అప్పటికి కరెంటొచ్చింది. హాలు గోడ పైన వరసగా లైట్లు పెట్టించారు, వెలుగు గోడ వెంబడే కిందికి పడేట్టు. ఎవరో స్విచ్చి వేశారు. అమ్మమ్మమ్మ! గోడలో ఉన్న ప్రతి గుంటా, ప్రతి ఎత్తూ లేచొచ్చి కూచుంది. అందాకా మాట్లాడుకుంటన్న జనం టక్కున ఆగిపోయారు. పళ్ళెంలో పంచె, చీర పట్టుకుని వస్తన్న తిరుపాలు పెళ్ళాం గోడ వంక చూసి, అట్టానే పేరమ్మ వంక చూసింది. పేరమ్మ ఏం చెయ్యలేక, ఆ చాప మీద కూచునే, ఇంకెవరికీ కనపడకుండా ఆమెకి చేతులు జోడించింది. మేస్త్రికి చూపు లేదని ఆ తల్లికి అప్పుడర్థమైంది, గోడ ఊసెత్తకుండా పళ్ళెం మొగుడికి అందించింది. తిరుపాలు ఆ గుడ్డలు మేస్త్రి చేతుల్లో పెట్టాడు. అప్పటికి వెలుగు తప్ప ఏమీ ఆనని మాలకొండయ్యకి ఆ నిశ్శబ్దం ఇంకో రకంగా అర్థమైంది. 'ఎవరూ మాట్లాడరేందే?' అని పెళ్ళాం చెవిలో అడిగాడు. పేరమ్మ ఏమందో తెలుసా, 'గోడ అద్దంలా ఉందయ్యా, అందరూ నోరెళ్ళబెట్టి చూస్తన్నారు' అంది. ఆయన కళ్ళు చెమర్చాయంట. ఆ కొత్త పంచె మీద అట్టా చెయ్యి వేసి నిమురుతా కూచున్నాడు.

ఇంక ఆయన్ని పట్టుకునేవాళ్ళు లేరు. అరుగు మీద కూచుని వచ్చేపోయేవాళ్ళందరికీ తిరుపాలు ఇంటి గోడ గురించే చెప్పేవాడు. విన్నవాళ్ళు తల దించుకుని పోయేవాళ్ళు, అది ఆయనకేం తెలుసు. ఒకరోజు, పదవే, ఇంకోసారి ఆ గోడ తడిమి వద్దాం అన్నాడు. ఎండగా ఉందంది, కాళ్ళు నొప్పులంది, వాళ్ళు ఊళ్ళో లేరంది, ఏం చెప్పినా వినలా. ఆమె భుజం మీద చెయ్యేసుకుని బయల్దేరాడు. తిరుపాలు ఇంటి గడప దగ్గరికి పోయేసరికి లోపలనించి గరగరా గీకుతన్న చప్పుడు. గోడ గీకే చప్పుడు మేస్త్రికి తెలవదా? 'ఎవరమ్మా లోపల, ఏం గీకుతన్నారు?' అన్నాడు. తిరుపాలు పెళ్ళాం బయటికొచ్చి, పాపం ఆమె తప్పేం లేదు, మెత్తగానే చెప్పింది. 'ఏమనుకోబాక మేస్త్రీ, లైటు వేస్తే గోడంతా గుంటలే కనపడతన్నాయి, అందుకే వేరేవాళ్ళ చేత తీయిస్తన్నాం. ఆరోజు మీ ఆవిడ చూసింది గదా, నీకు చెప్పే ఉంటది అనుకున్నా' అంది. మాలకొండయ్య లోపలికి పోయి, ఇంకా గీకని చోట అరచెయ్యి పెట్టాడు. పైకి రాశాడు, కిందికి రాశాడు. నున్నగానే ఉంది. చెయ్యి తీసేసి బయటికొచ్చాడు. పేరమ్మ భుజం ముందుకు పెట్టింది, పట్టుకోలా. దడిని తడుముకుంటా, ముళ్ళు గుచ్చుకుంటన్నా, తనంతట తనే ఇంటికి నడిచాడు.

తిట్టాడా అంటే తిట్టలా. కొట్టాడా అంటే, ఏనాడూ లేదు. అన్నం పెడితే తిన్నాడు, పక్కేస్తే పడుకున్నాడు. నువ్వు సంతోషంగా ఉంటే చూడాలనిపించిందయ్యా, అని ఆమె కాళ్ళ మీద పడి ఏడిస్తే, లేవమన్నాడు. కానీ ఆ తర్వాత ఆయన పేరమ్మని ఏదీ అడగలేదంట. కంచంలో కూరేందో అడగడు, వచ్చిందెవరో అడగడు. మబ్బు పట్టిందేమో అనిపిస్తే, ఆమె పక్కనే కూచుని ఉండంగా, ఎదురింటి వాళ్ళని కేకేసి, 'అమ్మాయ్, వానొస్తందా?' అని అడిగేవాడంట. వాళ్ళు వస్తందని చెప్తే లేచి లోపలికి పోయేవాడు. పేరమ్మ అట్టానే కూచుని తడిసేది.

అంతే. తప్పెవరిదని నన్నడగబాకండి, అది తేల్చే తెలివే ఉంటే ఇట్టా గుమ్మంలో కూచుని మీకు కథలెందుకు చెప్తా? అట్టా ఏడుపు మొహాలు పెట్టి చూస్తారేంది, అడిగింది మీరేగా. లేవండి, లేచి అన్నాలు తినండి.