నెనితా చర్చికి వెళ్లిన పొద్దు

ఫిలిప్పీన్స్‌లోని పనాయ్ దీవిలో సముద్రపు ఒడ్డున ఓ ఊరు. గుమ్మంలో సర్దిపెట్టిన సంచీ. తండ్రి ఫిదెల్, పెద్దకూతురు రోవేనా, ఆమె చంకలో ఏడునెలల చెల్లి పూరిసా.

“వాన్ ఇంకా రాలేదేంటే? డ్రైవరు నొయెల్‌కి ఫోన్ కొట్టు.”

“కొట్టా నాన్నా. ఎత్తట్లేదు.”

“మళ్లీ కొట్టు.”

“కాస్త కూర్చో. నించుంటేనే ఆయాసపడుతున్నావ్, ఓడలో ఇంజను గది మెట్లు ఎలా ఎక్కుతావ్?”

“ముప్పై ఏళ్లు ఎక్కినవాణ్ణి.”

“ఎక్కీ ఎక్కీ ఊపిరితిత్తులు పాడుచేసుకున్నావ్. ఇంక ఓడ మొహం చూడను, పందుల్ని పెంచుకుంటానని నువ్వేగా అన్నావ్.”

“అన్నా. అప్పటికి ఇది పుడుతుందని కలగన్నానా? మీ అమ్మే నమ్మలేదు. నలభై దాటాయి, ముట్లు ఆగిపోయాయిలే అనుకుంది. ఐదో నెల్లో గానీ తెలీలేదు.”

“అది కాదు నాన్నా…”

“ఏది కాదు? నిన్ను చదివించా. దీన్ని చదివించొద్దా? ఇది నీ అంతయ్యేసరికి నేను కర్ర పట్టుకుని నడుస్తుంటా. అప్పుడెవడిస్తాడు నాకు పని?”

“డాక్టరు వద్దన్నాడుగా.”

“ఏ డాక్టరు? ఎవరు చెప్పారు నీకు?”

“అమ్మ.”

“దానికెలా తెలుసు?”

“రాత్రిళ్లు నువ్వు కూర్చుని నిద్రపోవడం చూస్తోందిగా. వెళ్లి అడిగింది.”

“అడిగితే అడిగింది. ఇంతకీ నెనితా ఏది? కొవ్వొత్తి వెలిగించి వస్తానని చర్చికెళ్లింది. ఇంతసేపా?”

“వస్తుందిలే.”

“నేను వెళ్లేముందు ఓసారి కనబడొద్దూ? పాపెందుకు ఏడుస్తోంది?”

“ఆకలి. ఆ సీసా ఇలా అందుకో.”

“సీసా ఏంటి? తల్లిపాలు తాగే పిల్ల.”

“మాన్పించేసింది. నువ్వు కాగితాల పని మీద మనీలా వెళ్లినప్పుడు. తిరిగొచ్చేసరికి జ్వరంతో పడుకుని ఉంది చూడు, అది పాలు గడ్డకట్టే.”

“నాతో జలుబన్నారు.”

“అన్నాం.”

“ఎందుకు మాన్పించింది?”

“అలవాటు కావాలని.”

“దేనికి అలవాటు? రోవేనా, ఇటు చూడు. నిన్నే అడుగుతున్నా.”

“ముందు కూర్చో నాన్నా. పాపని పట్టుకో. గట్టిగా పట్టుకో.”

“పట్టుకున్నా. చెప్పు.”

“వాన్ పొద్దున్నే వచ్చింది. చర్చి గేటు దగ్గర ఆగింది. అమ్మ ఎక్కింది.”

“మీ అమ్మా? ఎన్నడూ దీవి దాటని మనిషి, ఎక్కడికెళ్తుందే?”

“హాంకాంగ్. నీ బదులు తను సంపాదిస్తానంది. ముందే తెలిస్తే నువ్వు పోనివ్వవని నాతో ఒట్టేయించుకుంది.”

“వెళ్లి? అక్కడేం చేస్తుంది?”

“పనికి కుదిరిన ఇంట్లోనూ ఏడునెలల పిల్లేనట, నాన్నా. దాన్ని పెంచడానికి.”